ప్రజాస్వామ్యమునకు అక్షరాభ్యాసము

దేశభక్తి యనగానే మనస్సునకు తోచు దృశ్యములు కొన్ని కలవు. ఎగురుచున్న జెండా, సరిహద్దున నిద్ర మాని కాపలా కాయు సైనికుడు, లాఠీలకును చెరసాలలకును వెరవక నడచిన సత్యాగ్రహులు. వీరి చరిత్రలు చెప్పునపుడు ఉపాధ్యాయుని కంఠము గద్గదమగుటయు, వినునపుడు బాలుర కన్నులు మెరయుటయు సహజము. కాని దేశభక్తికి మరియొక రూపము కలదు. దానికి జయజయధ్వానములు లేవు. అది వరుసలో నిలిచి, తన వంతు వచ్చువరకు ఓపికతో వేచియుండును. వ్రేలిమీద సిరాచుక్క పెట్టించుకొని, ఎవరికిని చెప్పనక్కరలేని తన నిర్ణయమును ఒక పెట్టెలో విడిచి, ఇంటికి మరలి, యథాప్రకారము తన పనిలో మునిగిపోవును.

1951-52 సంవత్సరములలో జరిగిన స్వతంత్ర భారతదేశపు మొదటి సాధారణ ఎన్నికల కథ ఈ రెండవ తరగతి దేశభక్తుల కథ. అందు కథానాయకుడు ఒక్కడు కాడు, కోట్లమంది. ఆ కథ చాలవరకు బడి ఆవరణములలోనే జరిగినది. ఒక బడిపంతులుతోనే ఆరంభమైనది.

మంచుకొండలలో ఒక ఉపాధ్యాయుడు

హిమాచల ప్రదేశములో, నేటి కిన్నౌర్ జిల్లాలో, కల్పా అను గ్రామము కలదు. ఆనాడు దానిని చినీ యని పిలుచుచుండిరి. చలికాలము వచ్చినదన్న మంచు కురిసి అచటి కొండదారులు మూసికొనిపోవును. తక్కిన దేశములో అధికభాగము 1952 జనవరి, ఫిబ్రవరి మాసములలో ఓటు వేయనుండగా, ఆ దినములలో చినీలో పోలింగు జరుపుట అసాధ్యము. కావున ఆ కొండప్రజలకు ముందుగనే, 1951 అక్టోబరు 25వ తేదీన, ఓటు వేయు ఏర్పాటు జరిగెను. ఆ విధముగ, రాజధానికి దూరముగ, మంచునకు సమీపముగ నున్న కుగ్రామవాసులకు ఈ దేశమున మొదటి ఓట్లు వేయు భాగ్యము కలిగెను.

వారిలో శ్యామ్ శరణ్ నేగీ యను ప్రాథమిక పాఠశాలోపాధ్యాయుడు ఉండెను. అప్పటికి ఆయన వయస్సు 34 సంవత్సరములు. ఎన్నికల విధులకు నియమింపబడిన ఉపాధ్యాయులలో ఆయనయు ఒకడు. ఆయన విధి వేరొక కేంద్రములో నుండెను. కావున తెల్లవారకముందే తన ఊరి కేంద్రమునకు వచ్చి, తనను ముందుగ ఓటు వేయనిచ్చినచో విధికి సకాలమున పోగలనని అధికారిని కోరెను. అధికారి అంగీకరించెను. ఆయన ఓటు వేసి, కొండదారిని పట్టి, ఇతరులచేత ఓటు వేయించుటకు వెడలిపోయెను.

ఇందు ఘనకార్యమేమున్నదని కొందరు అడుగవచ్చును. తన హక్కును వాడుకొని, వెంటనే ఇతరుల హక్కును కాపాడుటకు నడచిపోయిన ఆ ఉపాధ్యాయుని ప్రాతఃకాలపు ప్రయాణములో పౌరధర్మమంతయు ఇమిడియున్నది.

పెద్దలు చేసిన సాహసము

ఈ దేశములో ఓటు 1951లో క్రొత్తగ పుట్టినది కాదు. ఆంగ్లేయుల కాలమునను ఎన్నికలు జరిగినవి. కాని 1935వ సంవత్సరపు చట్టము ననుసరించి భూమిశిస్తో, ఆదాయపు పన్నో, ఆస్తియో, చదువో ఉన్నవారికి మాత్రమే ఓటుండెను. జనములో స్వల్పభాగమే ఆ అర్హతను పొందినది. కూలి చేసుకొను వానికి, పాలేరునకు, చేతివృత్తులవారిలో పెక్కుమందికి, స్త్రీలలో అత్యధికసంఖ్యాకులకు ఎన్నికల దినము వట్టి దినమువంటిదే.

1949 నవంబరు 26న ఆమోదింపబడి 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము ఈ గోడను ఒక్క పెట్టున పడగొట్టినది. దాని 326వ అధికరణము ననుసరించి 21 సంవత్సరములు నిండిన ప్రతి పౌరునకును, పౌరురాలికిని ఓటు లభించెను. ఆస్తి అడుగలేదు, కులము అడుగలేదు, మతము అడుగలేదు, సంతకము చేయవచ్చునా యనియు అడుగలేదు. ఇతర దేశములలో ఈ సమత్వము మెట్టుమెట్టుగ వచ్చినది. బ్రిటనులో స్త్రీలకు పురుషులతో సమానముగ ఓటు 1928లో లభించెను; ఫ్రాన్సులో 1944లో స్త్రీలకు ఓటు వచ్చెను; స్విట్జర్లాండులో జాతీయస్థాయిని స్త్రీలు 1971 వరకు వేచియుండవలసివచ్చెను. భారతదేశము స్త్రీపురుషుల నిరువురను ఒక్కసారిగ పోలింగు కేంద్రమునకు ఆహ్వానించెను.

ఈ సాహసమును శంకించినవారు లేకపోలేదు. 1951 జనాభా లెక్కల ప్రకారము దేశమున అక్షరాస్యులు నూటికి 18 మంది మాత్రమే. ముందు చదువు నేర్పి పిదప ఓటీయవలెనని వాదించినవారు పండితులలోను, పాలనానుభవము గలవారిలోను ఉండిరి. కాని నీటిలో దిగనిదే ఈత రాదు. అదిగాక, అక్షరజ్ఞానము వేరు, లోకజ్ఞానము వేరు. గింజను కొరికి విత్తనపు మంచిచెడ్డలు చెప్పగల రైతు, కన్ను చూచి పశువు రోగమును గుర్తింపగల కాపరి, తనను పాలింపవచ్చిన మనుష్యుని తూచలేడనుట అహంకారము.

నెల్లూరు జిల్లా పూడూరులో జన్మించిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు రాజ్యాంగ రచనా సంఘములో సభ్యుడు, మహా న్యాయకోవిదుడు. రాజ్యాంగ సభ చివరి దినములలో ప్రసంగించుచు, వయోజన ఓటుహక్కును సభ అంగీకరించుట సామాన్యునిపై గల నిండు విశ్వాసమునకు నిదర్శనమని ఆయన అభిప్రాయపడెను. గడచిన కాలపు చట్టములను అరచేతి రేఖలవలె ఎరిగిన పండితుడు, నిరక్షరాస్యునిపై ఇంత నమ్మకముంచుట గమనింపదగినది.

అదే సభలో 1949 నవంబరు 25న డాక్టరు అంబేద్కరు హెచ్చరికయు చేసెను. రాజకీయములలో మనిషికొక్క ఓటు, ఓటునకొక్క విలువ యని సమత్వము వచ్చుచున్నది. సంఘజీవనములోను, ఆర్థికజీవనములోను అసమత్వము నిలిచియున్నది. ఈ వైరుధ్యమును త్వరగా తొలగింపకున్నచో అసమత్వపు బాధితులు ఈ సౌధమునే కూల్చివేయుదురు, ఇది ఆ హెచ్చరిక సారాంశము. విశ్వాసము, హెచ్చరిక రెండును ఒకే వారములో, ఒకే సభామందిరములో వినబడినవి. ఈ రెండింటిని కలిపి చదువుకొనని దేశభక్తి పూర్ణమైన దేశభక్తి కాజాలదు.

పేరు చెప్పని తల్లులు

రాజ్యాంగము మాట యిచ్చినది. ఆ మాటను నెరవేర్చు భారము ఒక అధికారిపై పడెను. ఆయన సుకుమార్ సేన్. గణితశాస్త్రము అభ్యసించినవాడు, పశ్చిమ వంగరాష్ట్రమున ప్రధాన కార్యదర్శిగ నుండి 1950 మార్చిలో మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరుగ వచ్చెను. ఆయన ముందున్న లెక్క ఏ గణితగ్రంథములోను లేదు. జమ్మూకాశ్మీరము మినహా దేశమంతట 17 కోట్ల 32 లక్షలమంది ఓటర్లు. లోక్‌సభకు 489 స్థానములు, రాష్ట్ర శాసనసభలకు 3 వేలకు పైగా స్థానములు. మొదట ఇంటింటికి పోయి ఓటర్ల పేర్లు వ్రాయవలెను.

అచట ఒక విచిత్రమైన చిక్కు ఎదురయ్యెను. ఉత్తరాది రాష్ట్రములలో కొన్నింట, ముఖ్యముగ బీహారు, ఉత్తర ప్రదేశ్, మధ్య ప్రదేశ్, రాజస్థానములలో, గుమాస్తా గుమ్మము ముందు నిలిచి పేరడుగగా లక్షలకొలది స్త్రీలు తమ పేరు చెప్పరైరి. పరపురుషునకు పేరు చెప్పరాదని ఆచారము. ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావారి తల్లి’ యని మాత్రమే చెప్పిరి. గుమాస్తాలు అట్లే వ్రాసికొనిరి. జాబితాలు ఎన్నికల సంఘమునకు చేరినపుడు సుకుమార్ సేన్ దీనికి సమ్మతింపలేదు. పేరు లేని ఓటరు ఉండరాదని ఆజ్ఞాపించెను. పేర్లు సరిదిద్దుకొనుటకు బీహారులో గడువును కూడ పొడిగించిరి. కొందరు పేర్లు చెప్పిరి. అయినను దేశములోని సుమారు 8 కోట్ల స్త్రీ ఓటర్లలో 28 లక్షలమంది పేర్లు జాబితాలనుండి తొలగింపబడినవి.

ఇది కఠినమైన నిర్ణయమని ఆనాడే అనిపించియుండును. ఓటు హక్కును విస్తరింపజేయుటకు పూనుకొన్నవాడే 28 లక్షల తల్లులను వాకిట నిలిపివేయుట న్యాయమా? కాని ఆయన ఆలోచన వేరు. నేడు ‘ఫలానావారి భార్య’గ ఓటు వేయనిచ్చినచో, ఆమె ఓటు కూడ ఆ ఫలానావారిదే యగును. ఓటు వ్యక్తికి చెందినది, వ్యక్తికి పేరుండవలెను. ఒకమారు ఓటు పోగొట్టుకొన్న బాధ తెలిసినచో తరువాతి ఎన్నికలకు ఈ ఆచారమే తొలగిపోగలదని ఆయన ఆశించెను. పేరు చెప్పుకొనుట యను చిన్న కార్యములో ఎంత స్వాతంత్ర్యము దాగియున్నదో, బడిలో హాజరు పలుకు బాలికలకు నేడు తెలియకపోవచ్చును. ఆ తెలియకపోవుటయే ఒక విజయము.

ఎద్దులు, గుడిసెలు, ఏనుగులు

పేర్లు చదువలేని ఓటరు తన అభ్యర్థిని గుర్తించుటెట్లు? దానికి పరిష్కారముగ గుర్తులు వచ్చినవి. పల్లెజీవనములో కన్నులకు కనబడునవే గుర్తులుగ ఏర్పడినవి: కాంగ్రెసునకు కాడి కట్టిన జోడెడ్లు, సోషలిస్టులకు చెట్టు, కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీకి గుడిసె, కమ్యూనిస్టులకు కంకి కొడవలి, జనసంఘమునకు దీపము, షెడ్యూల్డు కులాల ఫెడరేషనునకు ఏనుగు. ఆనాటి పద్ధతిలో అభ్యర్థికొక్క పెట్టె ఉండెను. పెట్టెపై అతని గుర్తును అంటించియుంచిరి. ఓటరు తెరచాటునకు పోయి, రూపాయినోటంత కాగితమును, తనకు నచ్చిన గుర్తుగల పెట్టెలో వేయవలెను. దానిపై వ్రాయవలసినదేమియు లేదు. చదువు రాదను సిగ్గు ఎవరికిని కలుగకుండునట్లు ఈ పద్ధతి కల్పింపబడినది. గుర్తుపై ముద్ర వేయు పద్ధతి తరువాత వచ్చి, 1962 సాధారణ ఎన్నికలనాటికి వ్యాపించెను.

ఈ పద్ధతికి 20 లక్షలకు పైగా ఉక్కుపెట్టెలు కావలసివచ్చినవి. ఓటర్ల జాబితాలను టైపు చేసి, సరిచూచుటకు 16,500 మంది గుమాస్తాలను ఆరునెలల ఒప్పందముపై నియమించిరి. కొన్ని కొండగ్రామములకు చేరుటకు ఏరులపై వంతెనలు కట్టిరి. సముద్రమధ్యమున నున్న చిన్న దీవులకు నౌకాదళపు ఓడలలో సామగ్రిని పంపిరి. ఒకరే రెండుమారులు ఓటు వేయకుండుటకు వ్రేలిపై చెరగని సిరాను వేసిరి. ఆ సిరాచుక్క నాడు దొంగ ఓటును ఆపుటకు పుట్టినది. నేడు యువకులు గర్వముతో పదిమందికి చూపుకొను తిలకమైనది.

దాదాపు రెండులక్షల పోలింగు బూతులు ఏ మేడలలో ఏర్పడినవి? పాఠశాలలలోనే పెక్కు. పల్లెలో సర్కారు పక్షమున నిలిచిన పైకప్పు తరచుగ బడి ఒక్కటే. నల్లబల్ల, బెంచీలు ఒక మూలకు చేరినవి. బాలురకు సెలవు వచ్చెను. ఆ బడిలో ఎన్నడును కాలు మోపని వారి తండ్రులు, తాతలు, తల్లులు ఆ దినమున బడి మెట్లెక్కిరి. పేర్లు పిలిచి జాబితాలో గీత గీసినవారిలో, వ్రేలికి సిరా పూసినవారిలో ఉపాధ్యాయులు పెక్కుమంది. అక్షరములు నేర్వని తరమునకు జరిగిన అక్షరాభ్యాసమది. పలకకు బదులు ఓటుకాగితము, ఓనమాలకు బదులు గుర్తులు. చేయి పట్టి దిద్దించినవాడు మాత్రము అదే పంతులు.

వరుసలో నిలిచినవారు

1951 అక్టోబరు 25న మొదలైన పోలింగు 1952 ఫిబ్రవరి మూడవ వారము వరకు, సుమారు నాలుగు మాసములు, దేశమంతట సాగెను. మదురైలో 110 సంవత్సరముల వృద్ధుడు మునిమనుమల భుజములు పట్టుకొని వచ్చెను. మహారాష్ట్ర ప్రాంతములో తొంబదియేండ్లు దాటిన ఒక వృద్ధుడు శాసనసభకు ఓటు వేసి, లోక్‌సభకు వేయకముందే కుప్పకూలి మరణించెను. అస్సాములో మరియొక వృద్ధుడు తాను నెహ్రూగారికే నేరుగ ఓటు వేయరాదని తెలిసి చిన్నబోయి మరలెను. ఓట్ల లెక్కింపు సమయమున పెట్టెలు తెరచినపుడు ఓట్లతోబాటు నాణెములును, నోట్లును, సినిమా తారల బొమ్మలును, తిట్లు వ్రాసిన చీటీలును కూడ బయటపడినవి. కొందరు పెట్టెను దేవుని హుండీగ భావించిరి కాబోలు! నవ్వు పుట్టించు విషయమే. కాని హుండీలో వేసిన కానుక వృథా పోదని నమ్మినవారు, పెట్టెలో వేసిన ఓటును వృథా పోదని నమ్మిరి. ఆ నమ్మకము ముందు ఈ పొరపాటు చిన్నది.

పోలయిన ఓట్లు నూటికి సుమారు 45. సగమునకు మించలేదు గదా యని చప్పరింపవచ్చును. మొదటిమారు బడికి రావలసిన వందమంది పిల్లలలో, ఎవరి బలవంతమును లేకుండ, 45 మంది వచ్చి కూర్చున్నచో ఏ ఉపాధ్యాయుడైనను నిరాశ చెందడు. సుకుమార్ సేన్ ఖ్యాతి దేశాంతరములకును ప్రాకెను. 1953లో సూడాను దేశము తన మొదటి ఎన్నికల నిర్వహణకు ఆయన సహాయమును పొందెను.

తెలుగునాట జరిగిన పరీక్ష

ఆనాడు తెలుగువారు రెండు రాష్ట్రములలో ఉండిరి. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రములో. తెలంగాణము హైదరాబాదు రాష్ట్రములో. ఈ రెండుచోట్లను ఓటు తన శక్తిని స్పష్టముగ చూపినది.

హైదరాబాదు రాష్ట్రములో అంతకు నాలుగేండ్ల ముందువరకు నిజాము ఏకచ్ఛత్రాధిపత్యము. 1951 నాటికి అదే నిజాము పేరు హైదరాబాదు ఓటర్ల జాబితాలో ఒక పౌరుని పేరుగ చేరినది. ఆయనకును ఒకే ఓటు, ఆయన నౌకరునకును ఒకే ఓటు. శతాబ్దముల అంతరమును ఒక జాబితాలోని వరుససంఖ్య తుడిచివేసెను.

నిజాము పాలనపైనను, దొరల దౌర్జన్యముపైనను తెలంగాణ రైతులు సాగించిన సాయుధపోరాటము 1951 అక్టోబరులో విరమింపబడెను. చినీ గ్రామములో మొదటి ఓటు పడిన మాసమే అది. హైదరాబాదు రాష్ట్రములో కమ్యూనిస్టు పార్టీపై నిషేధము ఉండుటచే వారు పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంటు పేరుతో పోటీ చేసిరి. నల్లగొండనుండి లోక్‌సభకు నిలిచిన ఆ పోరాటనాయకుడు రావి నారాయణరెడ్డి 3,09,162 ఓట్లు పొందెను. ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ తన నియోజకవర్గమున పొందినవి 2,33,571. 175 స్థానముల హైదరాబాదు శాసనసభలో ఆ ఫ్రంటు 42 గెలిచి ప్రతిపక్షమున కూర్చుండెను. నిన్నటివరకు తుపాకితో తేల్చుకొనవలసియుండిన తగవు, నేడు సభలో మాటలతో తేల్చుకొనుటకు వచ్చినది. గెలిచినవారు ఎవరైనను, ఈ మార్పు ప్రజాస్వామ్యపు గెలుపు. ఓటు పెట్టె పేదవాని కోపమునకును చోటిచ్చినది. కోపమునకు చోటీయని రాజ్యము ఎన్నడును శాంతిని పొందలేదు.

మద్రాసు రాష్ట్రములో స్వాతంత్ర్యోద్యమమును నడిపిన కాంగ్రెసునకే 375 స్థానములలో 152 మాత్రము దక్కినవి. ముఖ్యమంత్రి కుమారస్వామిరాజా ఓడిపోయెను. అనంతపురములో నీలం సంజీవరెడ్డి, తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయెను. దేశసేవ చేసినవారిని గూడ ప్రజలు ప్రశ్నింపవచ్చునని, కృతజ్ఞత వేరు, అధికారము వేరని ఓటరు తేల్చి చెప్పెను.

ఓటమి చెప్పిన పాఠము

ఆ ఎన్నికలలో ఓడినవారి పేర్లలో అన్నిటికంటె ఆలోచింపజేయునది డాక్టరు అంబేద్కరుది. ఎవరి చేతిమీదుగ ప్రతి భారతీయునకును ఓటు లభించెనో, ఆయననే ఉత్తర బొంబాయి నియోజకవర్గమున ఓటర్లు ఓడించిరి. ఆయన ఆ వ్యవస్థను విడిచిపోలేదు. 1952లోనే రాజ్యసభలో ప్రవేశించి తన వాదములను వినిపించుచునే యుండెను. సంజీవరెడ్డియు రాజకీయజీవనమును విరమింపలేదు. 1956 నవంబరు 1న ఆంధ్ర ప్రదేశ్ అవతరించినపుడు దాని మొదటి ముఖ్యమంత్రి ఆయనయే.

గెలిచినపుడు సంబరపడుట ఎవరికైనను చేతనగును. ఓడినవాడు తలవంచి, కుర్చీని ఇంకొకరికి విడిచి, మరల ప్రజలయొద్దకు పోవుటలో ప్రజాస్వామ్యపు ప్రాణమున్నది. బడిలో ఆటస్థలమున ఓడిన జట్టు గెలిచిన జట్టుతో చేయి కలుపుట ఉపాధ్యాయులు నేర్పుదురు. అది ఆటకు సంబంధించిన మర్యాద మాత్రమే కాదు. రాజ్యాంగమునకు సంబంధించిన పాఠమును అదియే.

గడచిన గండములు

ఈ దేశపు ప్రజాస్వామ్యము ఎక్కువకాలము మనజాలదని జోస్యము చెప్పినవారు దేశవిదేశములలో పెక్కుమంది. వారి జోస్యము నిజమగునా యనిపించిన దినములును వచ్చినవి. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. పత్రికల నోరు కట్టబడినది. ప్రతిపక్ష నాయకులు చెరసాలల పాలైరి. కాని 1977 మార్చిలో ఎన్నికలు జరిగినపుడు, అధికారపక్షము ఓడిపోయెను; ప్రధానమంత్రి ఇందిరాగాంధీయు రాయ్ బరేలీలో ఓడెను. ఒక్క తుపాకి ప్రేలకుండ అధికారము చేతులు మారెను. ఆ ఎన్నికలలో ఆంధ్ర ప్రదేశ్ మాత్రము 42 స్థానములలో 41 కాంగ్రెసునకే ఇచ్చి దేశపు గాలికి ఎదురు నడచెను. తక్కిన ఒక్క స్థానము నంద్యాల. గెలిచినది జనతాపార్టీ అభ్యర్థిగ నిలిచిన సంజీవరెడ్డి. 1952లో అనంతపురమున ఓడినవాడు 1977లో పోటీ లేకుండ రాష్ట్రపతి అయ్యెను. ఉత్తరాది ఒకవైపు, తెలుగునాడు ఒకవైపు మొగ్గినను రెండుచోట్లను తీర్పు ఇచ్చినది ఓటరే. ఆ తీర్పును మన్నించినది దేశమే.

61వ రాజ్యాంగ సవరణచే 1989లో ఓటు వయస్సు 21నుండి 18కి దిగెను. పెట్టెల స్థానమును యంత్రములు ఆక్రమించినవి. 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతట అవే వాడబడినవి. వానిని తయారుచేయు రెండు ప్రభుత్వ సంస్థలలో ఒకటి హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను. గుజరాతులోని గిర్ అడవిలో, బాణేజ్ అనుచోట, ఒకే ఒక్క ఓటరు కొరకు ఎన్నికల సిబ్బంది బృందమే పోయి కేంద్రమును తెరచిన సందర్భములు కలవు. ఒక్కని కొరకు ఇంత వ్యయమేల యని లెక్కలు వేయవచ్చును. ఆ ఒక్కని ఓటును లెక్కింపకున్నచో తక్కిన కోట్ల ఓట్ల లెక్కయు తప్పును. ఇదియే రాజ్యాంగపు గణితము.

2024 లోక్‌సభ ఎన్నికలనాటికి ఓటర్లు సుమారు 97 కోట్లు. ఓటు వేసినవారు 64 కోట్లకు పైగా, అందు స్త్రీలు 31 కోట్లకు పైగా. అంతకుముందు 2019లోనే దేశము మొత్తముమీద స్త్రీల పోలింగు శాతము పురుషుల శాతమును మొదటిమారు దాటెను. పేరు చెప్పుటకు సిగ్గుపడి జాబితాకు దూరమైన 28 లక్షల అవ్వల మనుమరాండ్రు, ముని మనుమరాండ్రు వీరు. ఏ ఆజ్ఞయు, ఏ దండనయు లేకుండ ఈ దూరము నడువబడినది. దేశపు భవిష్యత్తునందు ఆశ పెంచుకొనుటకు ఇంతకుమించిన ఆధారము వెదుకనక్కరలేదు.

మిగిలియున్న పాఠములు

అట్లని పాఠము పూర్తియైనదనుకొనరాదు. అక్షరాస్యులు నూటికి 18 మంది యున్న దేశము అడవులు దాటి వచ్చి ఓటు వేసినది. 2011 నాటికి నూటికి 73 మంది అక్షరాస్యులైనను, నగరములలో ఓటు వేయువారి సంఖ్య తరచుగ సన్నగిల్లుచున్నది. 2019లో హైదరాబాదు లోక్‌సభ స్థానమున నూటికి సుమారు 45 మంది మాత్రమే ఓటు వేసిరి. పోలింగు కేంద్రము ఇంటికి నాలుగడుగుల దూరమున నున్నను సెలవుదినముగ గడపినవారు పెక్కుమంది. చదువు పెరిగినకొలది కర్తవ్యబుద్ధి దానంతట అదే పెరుగునను విశ్వాసము ఇచట తలక్రిందులైనది. అక్షరము నేర్పుట ఒక పని, పౌరుని తీర్చుట ఇంకొక పని. రెండవది మిగిలియే యున్నది.

ఓటునకు నోటు పుచ్చుకొను జాడ్యము ఇంకొకటి. దీనిని పేదలపై మోపి చేతులు దులుపుకొనుట సులభము. ఇచ్చువాడు లేనిదే పుచ్చుకొనువాడు లేడు. ఇచ్చినవాడు అయిదేండ్లలో దానిని పదింతలుగ రాబట్టుకొనక మానడు. ఒకనాడు ఆస్తి లేదను కారణముచే ఓటు దక్కనివాడు, నేడు దక్కిన ఓటును అమ్ముకొన్నచో, ఆస్తిపరుల చేతికే దానిని తిరిగి అప్పగించినట్లగును. 1935 చట్టము మూసిన తలుపును 1950లో తెరచిరి. దానిని లోపలినుండి మరల మూసికొనుట ఎవరి తప్పు? కులమును చూచి, దూషణను విని ఓటు వేయుట మూడవ జాడ్యము. అంబేద్కరు హెచ్చరించిన వైరుధ్యము నేటికిని సమసిపోలేదు. ఓటు సమానమైనను కూలి సమానము కాలేదు, గౌరవము సమానము కాలేదు.

ఆశావాదమనగా ఈ లోపములను చూడకుండుట కాదు. రోగిని చూచి ‘ఏమియు లేదు’ అను వైద్యుడు ఆశావాది కాడు. రోగమును గుర్తించి, నయమగునని నమ్మి, ప్రతిదినమును వచ్చి మందిచ్చువాడు ఆశావాది. సుకుమార్ సేన్ ఆ కోవకు చెందినవాడు. 28 లక్షల పేర్లను కొట్టివేయునపుడు ఆయన నిరాశతో కొట్టివేయలేదు. మరుసటిమారు ఆ స్థానమున నిజమైన పేరు వచ్చునను నమ్మకముతో కొట్టివేసెను. ఆ నమ్మకమును కాలము నిలబెట్టినది.

ఈ పనిలో ఉపాధ్యాయుని పాత్ర పోలింగు దినముతో ముగియదు. 2011నుండి ప్రతి సంవత్సరము జనవరి 25న, ఎన్నికల సంఘము స్థాపింపబడిన దినమున, జాతీయ ఓటరుల దినోత్సవము జరుగుచున్నది. మరునాడే గణతంత్ర దినోత్సవము. జెండా ఎగురవేయు దినమునకు ముందు దినము ఓటరు దినమగుట బాలురకు విప్పి చెప్పదగిన విశేషము. తరగతి నాయకుని ఎన్నుకొనుటకు పిల్లలకు చీటీలిచ్చి, రహస్యముగ వేయించి, అందరి ఎదుట లెక్కించి, ఓడినవానిచేత గెలిచినవానికి అభినందన చెప్పించిన ఉపాధ్యాయుడు, గొప్ప ఉపన్యాసము చేయకున్నను, రాజ్యాంగమును బోధించినవాడే. తల్లి పేరేమని అడిగి, ఆ పేరును పలకమీద వ్రాయించిన ఉపాధ్యాయిని, ఆ 28 లక్షల తల్లుల ఋణమును కొంతయైన తీర్చినదే.

కల్పా గ్రామపు ఆ బడిపంతులు ఉద్యోగమును విరమించెను, వృద్ధుడయ్యెను, కాని ఓటును విరమింపలేదు. లోక్‌సభకును, శాసనసభకును ఎన్నిక వచ్చినపుడెల్ల ఆయన కేంద్రమునకు నడచుచునే యుండెను. 2010లో ప్రధాన ఎన్నికల కమిషనరే ఆ కొండగ్రామమునకు పోయి ఆయనను సన్మానించెను. 2022 నవంబరు 2న, 105 సంవత్సరముల వయస్సున, నడువ శక్తి చాలక, హిమాచల ప్రదేశ్ శాసనసభ ఎన్నికలకు తన ఇంటినుండియే తపాలా ఓటు వేసెను. మూడుదినముల తరువాత, నవంబరు 5న కన్నుమూసెను.

మొదటి ఓటునకును చివరి ఓటునకును నడుమ 71 సంవత్సరములు గడచినవి. ప్రభుత్వములు మారినవి, పార్టీలు చీలినవి, గుర్తులు మారినవి, పెట్టెలు పోయి యంత్రములు వచ్చినవి. మంచు కురియకముందే దారి నడచి, తన వంతు పని ముగించి, ఇతరుల పనికి పోవు ఆ అలవాటు మాత్రము మారలేదు. ఈ దేశము అట్టివారి అడుగులపై ఇంతదూరము వచ్చినది. తరువాతి దూరము నడువవలసినవారు నేడు తరగతి గదులలో హాజరు పలుకుచున్నారు.